ప్రతికథనము: ఓర్పు గుణమా, ఉపాయమా?

ఒకరు చెప్పిన కథను మరియొకరు మరల చెప్పుట మన సాహిత్యమునకు క్రొత్త కాదు. తెలుగు కావ్యము పునఃకథనముగానే పుట్టినది. వ్యాసుడు చెప్పిన దానిని నన్నయ చెప్పినాడు. వాల్మీకి చెప్పిన దానిని గోన బుద్ధారెడ్డియు, భాస్కరాదులును, మొల్లయు చెప్పినారు. భాష మారినది, ఛందస్సు మారినది, రుచి మారినది, ఒక్కొక్కచోట కథయే కొంత మారినది. కాని కథ చెప్పువారు కూర్చుండిన పీట మాత్రము కదలలేదు. మొల్ల కుమ్మరి ఇంట పుట్టినదని చెప్పుదురు. ఆమెయు రామకథను వాల్మీకి చూచిన చోటినుండియే చూచినది. కథలో పల్లకి మోసినవాడు, పడవ నడిపినవాడు, తలుపు తీసినవాడు ఆ కథను ఎట్లు చెప్పునో వినవలెనను కోరిక ఇరువదవ శతాబ్దములో గాని బలపడలేదు. అట్టి రచనను పునఃకథనమనుట కంటె ప్రతికథనమనుట మేలు. అది మూలమును కాదనదు. మూలము చూడక విడిచిన వైపునకు పోయి నిలిచి, అచ్చటినుండి అదే ఇంటిని చూచును.

ఈ విషయము నేడు మరల చర్చకు వచ్చుటకు కారణము అమెరికా నవలాకారుడు పెర్సివల్ ఎవరెట్ 2024లో ప్రకటించిన ‘జేమ్స్’ అను నవల. మార్క్ ట్వేన్ వ్రాసిన ‘హకల్‌బెరీ ఫిన్’ కథను అందలి బానిస జిమ్ నోట ఎవరెట్ చెప్పించినాడు. ఆ నవలకు 2024లో అమెరికా జాతీయ గ్రంథ పురస్కారమును, 2025లో పులిట్జర్ బహుమానమును లభించినవి. బహుమానములు పుస్తకమునకు గుణము చేకూర్పవు; కాని ఒక దేశము తాను పిల్లలచేత చదివించు ప్రసిద్ధ నవలకు ఎదురుగా మరియొక నవలను నిలిపి గౌరవించుట సామాన్యము కాదు. ఈ పని యందు తెలుగు రచయితలు నేర్చుకొనవలసిన దేమి, మనకు ముందే తెలిసియు మనము మరచిన దేమి అనునవి ఈ వ్యాసమున విచారింప దలచిన అంశములు.

జిమ్ మనకు అపరిచితుడు కాడు. నండూరి రామమోహనరావుగారు ట్వేన్ నవలలను తెలుగు చేసిన నాటినుండి మిసిసిపీ నది మన పిల్లలకు గోదావరి అంత దగ్గరయైనది. ఆ కథలో జిమ్ మిస్ వాట్సన్ అను ఆమె బానిస. ఆమె తనను ఎనిమిది వందల డాలర్లకు న్యూ ఆర్లియన్స్ వైపు అమ్మివేయ నున్నదని విని అతడు పారిపోవును. త్రాగుబోతు తండ్రి చేతినుండి తప్పించుకొన్న హక్ అను బాలుడు అతనికి తోడగును. ఇద్దరును తెప్పమీద నది వెంట దక్షిణముగా సాగుదురు. పారిపోవు బానిస దక్షిణమునకు, అనగా బానిసత్వము మరింత క్రూరముగా ఉన్న దిక్కునకు, కొట్టుకొని పోవుటయే ఆ నవలలోని లోతైన విషాదము. ఇంగ్లండులో 1884లోను, అమెరికాలో 1885లోను వెలువడిన ఆ గ్రంథము ఒక తెల్ల బాలుని మనస్సాక్షి మేల్కొను కథగా ప్రపంచమున నిలిచినది.

ట్వేన్‌కు అన్యాయము చేయరాదు. జిమ్ మనిషియని ఆయనకు తెలియును. పొగమంచు రాత్రి విడిపోయి మరల కలిసినప్పుడు, హక్ తనను ఆట పట్టించెనని గ్రహించి జిమ్ అతనిని మందలించు ఘట్టము గొప్పది. జబ్బుచేసి చెవుడు వచ్చిన కూతురిని, మాట వినలేదని కొట్టి, పిదప నిజము తెలిసి కుమిలిన తండ్రిగా జిమ్ తనను గూర్చి చెప్పుకొను ఘట్టము అంతకంటెను గొప్పది. కాని ఆ రెండు కిటికీలును తెరచినట్లే తెరచి ట్వేన్ మూసివేసినాడు. నవల చివర టామ్ సాయర్ వచ్చి జిమ్‌ను విడిపించుటను పిల్లల ఆటగా మార్చును. పాములు, ఎలుకలు, తాటి నిచ్చెనలు ప్రవేశించును. మిస్ వాట్సన్ తన వీలునామాలో జిమ్‌కు ముందే విముక్తి ఇచ్చినదని టామ్‌కు తెలియును. అయినను ఆట కొరకు అతనిని కొట్టులో ఉంచును. జిమ్ ఓర్చుకొనును. హక్‌కును, టామ్‌కును, పాఠకునకును ఆ ఓర్పు మంచితనముగా కనిపించును. నల్లజాతి రచయిత రాల్ఫ్ ఎలిసన్ 1958లోనే ఈ జిమ్ ముఖముమీద భాగోతపు మసి వేషము ఉన్నదని సూచించినాడు. తెల్లవారు మసి పూసుకొని నల్లవారిని అనుకరించి నవ్వించిన ప్రదర్శనలు ఆ కాలమున అమెరికాలో మిక్కిలి ప్రచారములో నుండెడివి.

ఎవరెట్ ఇచ్చటినుండి బయలుదేరినాడు. ఆయన వేసిన ప్రశ్న ఒక్కటే: ఆ ఓర్పు గుణమా, ఉపాయమా? జిమ్ అమాయకత్వము నిజమైనదా, లేక ప్రాణము కాపాడుకొనుటకు ధరించినదా? సమాధానమును ఆయన సిద్ధాంతముగా చెప్పక భాషగా చెప్పినాడు. ఈ నవలలో బానిసలు తమలో తాము శుద్ధమైన, చదువుకొన్నవారి ఇంగ్లీషు మాటలాడుకొందురు. తెల్లవాడు వినునంత దూరమునకు వచ్చిన క్షణమున ట్వేన్ పుస్తకములోని విరుపుల భాషలోనికి దిగుదురు. జేమ్స్ రాత్రివేళ పిల్లలను కూర్చుండబెట్టి ఆ విరుపుల భాషకు వ్యాకరణము నేర్పును. ఇంటిలో నిప్పంటుకొన్నప్పుడు బానిస దానిని తాను ముందు కనిపెట్టినట్లు చెప్పరాదు. యజమానురాలే కనిపెట్టినట్లు తోచునట్లు మాట కూర్చవలెను. నేర్వదగిన పాఠము ఇది. తప్పుగా మాటలాడుట వారికి తెలియనితనము కాదు, సాధన చేసి సంపాదించిన విద్య.

ఈ ఒక్క మార్పుతో మూలగ్రంథమంతయు తిరగబడినది. ట్వేన్ తన నవల ముందుమాటలో తాను పలు మాండలికములను శ్రద్ధతో వాడితినని చెప్పుకొన్నాడు. ఆ శ్రద్ధను శంకింప నక్కరలేదు. కాని విన్నవాడు విన్నది వ్రాయగలడు. తాను విననప్పుడు వారెట్లు మాటలాడుకొనిరో వ్రాయలేడు గదా! ప్రతికథనమునకు ఇంతకంటె బలమైన ఆధారము మరియొకటి లేదు. మూలకర్త అబద్ధము చెప్పలేదు. ఆయన గదిలో నున్నంతసేపు జరిగినది ఆయన వ్రాసినాడు. ఆయన గది విడిచిన పిదప జరిగినది మరియొకరు వ్రాయవలసి యుండెను.

జేమ్స్ వ్రాయుటకు ఒక పెన్సిలు ముక్క కావలసి వచ్చును. దానిని దొంగిలించి తెచ్చి ఇచ్చిన తోటి బానిస దానికి తన ప్రాణము వెల చెల్లించును. ఆ తరువాత జేమ్స్ వ్రాసిన ప్రతి పంక్తియు ఆ ఋణము మోయుచునే ఉండును. ఎవరెట్ నవలలో నాకు శిఖరముగా తోచిన ఘట్టము ఇది. హక్ జేమ్స్ కన్న కొడుకేయని బయటపెట్టిన మలుపు మాత్రము నాకు అంత మేలుగా తోచలేదు. రక్తసంబంధము లేనివాని కొరకు నరకమునకైనను పోవుటకు సిద్ధపడుటలోనే హక్ గొప్పతనము ఉన్నది. దానిని పుత్రప్రేమతో ముడిపెట్టుటవలన మూలములోని అరుదైన వస్తువు ఒకటి చేజారినది. ప్రతికథనము మూలము తప్పులను ఎత్తిచూపవలెను. మూలము సాధించిన దానిని తగ్గించుకొని కాదు.

ఇట్టి పనికి అమెరికాలో ఎవరెట్ మొదటివాడు కాడు. మార్గరెట్ మిచెల్ 1936లో వ్రాసిన ‘గాన్ విత్ ది విండ్’ దక్షిణ రాష్ట్రముల దొరతనమును బంగారు కాలముగా చిత్రించినది. ఏలిస్ రాండల్ 2001లో ‘ది విండ్ డన్ గాన్’ అను నవలలో అదే ఇంటి కథను ఒక బానిస స్త్రీ కూతురి నోట చెప్పించినది. ఆమె ఆ ఇంటి యజమానికి పుట్టినదే. కథానాయికకు సవతి చెల్లెలు. మిచెల్ వారసత్వమును కాపాడువారు న్యాయస్థానమునకు పోయి ఆ పుస్తకమును కొంతకాలము ఆపించిరి. పై న్యాయస్థానము ఆ ఆంక్షను తొలగించి, పుస్తకమును మూలముపై వ్యాఖ్యానించు పేరడీగా గుర్తించినది. ఈ వ్యాజ్యములో మనకు ఒక పాఠము కలదు. కథ ఎవరి సొత్తు అను ప్రశ్న అచ్చటి కోర్టులో ఆస్తి తగవుగా వచ్చినది. మన దేశమున అది అధికార తగవుగా వచ్చును. వాల్మీకికి వారసుల ట్రస్టు లేదు. కాని శంబూకుని కథను శంబూకుని వైపునుండి చెప్పినవానికి ఎదురైన ఆగ్రహము ఏ వ్యాజ్యమునకును తీసిపోదు.

ఆ సాహసము తెలుగున 1920లోనే జరిగినది. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబూక వధ’ నాటకము వ్రాసి, తపస్సు చేసిన నేరమునకు తల పోగొట్టుకొన్నవానిని రంగస్థలము నడుమకు తెచ్చినాడు. అది వాదనాటకము, పాత్రలు తరచు పక్షములుగా మాటలాడును. అయినను ఉత్తరకాండలో కొలది శ్లోకములలో ముగిసిపోయిన మనిషికి నిలిచి మాటలాడు చోటు దొరకుట అదియే మొదలనదగిన సంగతి. మన కాలమున ఓల్గా ‘విముక్త’ కథలలో సీతను శూర్పణఖతోను, అహల్యతోను, ఊర్మిళతోను మాటలాడించి అదే దారిని స్త్రీల వైపునకు మళ్ళించినది. ఆ గ్రంథమునకు 2015లో సాహిత్య అకాడమి పురస్కారము లభించినది.

కాని ఎవరెట్ చేసిన అసలు పనికి, అనగా భాషద్వారా పీట మార్చుటకు, మన సాహిత్యములో సరియైన పోలిక గుఱ్ఱము జాషువ 1941లో ప్రకటించిన ‘గబ్బిలము’. కాళిదాసు మేఘదూతములో యక్షుడు ఒక ఏటి శాపము వలన భార్యకు దూరమై మేఘముచేత సందేశము పంపును. జాషువ కావ్యములో దక్షిణమున తంజావూరి ప్రాంతమున నున్న ఒక అస్పృశ్యుడు గబ్బిలముచేత శివునకు సందేశము పంపును. యక్షుని శాపమునకు గడువు కలదు. ఇతని శాపము పుట్టుకతో వచ్చినది, గడువు లేనిది. యక్షుడు విరహముతో కృశించినాడు, ఇతడు ఆకలితో. మేఘము ఆకాశములో తిరుగు అందమైన వస్తువు. గబ్బిలము అందరును అసహ్యించుకొను ప్రాణి. కాని మనిషికి నిషిద్ధమైన గర్భగుడిలోనికి అది ఎవరి అనుమతియు లేక పోగలదు. దేవుని చెవికి అంత దగ్గరగా వ్రేలాడు దూత మరియొకటి దొరకునా?

ఆ అస్పృశ్యుడు ఏ భాషలో మాటలాడినాడో గమనింపవలెను. నిర్దుష్టమైన పద్యములో మాటలాడినాడు. సంఘసంస్కరణను కోరిన మంచివారు సైతము అట్టివానిచేత దీనమైన, విరిగిన మాటలే పలికించుట ఆనాటి రచనలలో అలవాటు. జాలి పొందవలసినవాడు జాలిగా మాటలాడవలెనని వారి ఊహ. జాషువ ఆ జాలిని త్రోసిపుచ్చినాడు. ఎవరు తనకు ఛందస్సు నిరాకరించిరో వారి ఛందస్సులోనే వారికంటె సొగసుగా నిలదీసినాడు. జేమ్స్ చేతిలోని పెన్సిలు ముక్కకు జాషువ చేతిలోని పద్యము తోబుట్టువు. 1941లో మనకు లభించిన ఈ మేలును మనము కావ్యసౌందర్యముగా మెచ్చుకొంటిమి. భాషారాజకీయముగా చాలకాలము చదువలేదు.

నవల విషయమునకు వత్తము. మనకు ట్వేన్ వంటి మూలగ్రంథమేది? ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో ప్రకటించిన ‘మాలపల్లి’. ఈ పోలిక తేలికగా చేయుట లేదు. అగ్రవర్ణములో పుట్టిన రచయిత, వాడుక భాషలో, ఆనాడు ఎవరును కథానాయకునిగా ఊహింపని ఒక మాల కుటుంబమును నడుమ నిలిపి వ్రాసిన పెద్ద నవల అది. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. రాజాజీ మంత్రివర్గము వచ్చిన 1937 వరకును అది స్వేచ్ఛగా పాఠకులను చేరలేకపోయినది. అందు రామదాసు పరమ వైష్ణవుడు, వేదాంతి. అతని కొడుకు సంగదాసు చౌదరయ్య ఇంటి పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడుకు స్నేహితుడు. కూలీల పక్షమున నిలిచి చౌదరయ్య చేతి దెబ్బకు మరణించును. మరియొక కొడుకు వెంకటదాసు తిరుగబడి తక్కెళ్ళ జగ్గడను పేరుతో ధనికుల సొత్తు దోచి పేదలకు పంచును.

ఈ పేర్లను ఒకసారి మెల్లగా పలికి చూడుడు. రామదాసు, సంగదాసు, వెంకటదాసు. అన్నిటిలోను ‘దాసు’ కలదు. భక్తునకు అది గౌరవపదము. కాని తెలుగులో దాసుడనగా బానిస యని గూడ అర్థమే గదా! దేవునకు దాసుడను పేరు పెట్టుకొన్నవాడు ఊరి పెద్దకు పాలేరుగా ఉండుటలో ఒక చేదు చమత్కారము ఉన్నది. జిమ్ తన కథ చివర జేమ్స్ అను నిండు పేరును తనదిగా ప్రకటించుకొనును. వెంకటదాసు అందుకు భిన్నముగా నిండు పేరును విడిచి, ‘జగ్గడు’ అను మొరటు పేరును ధరించును. ఒకరికి విముక్తి గౌరవముగల పేరులో దొరకినది. మరియొకరికి ‘దాసు’ అను పదమును వదలుకొనుటలో దొరకినది. మన పేర్లలోని ఈ రహస్యము మన ప్రతికథకునకు గొప్ప పెట్టుబడి.

రామదాసు ఓర్పును తెలుగు విమర్శకులు పెక్కుమంది కొనియాడినారు. కన్నకొడుకును చంపినవానిపై పగ పట్టని ఆ స్థితప్రజ్ఞత నవలకు వెన్నెముక. కాని ఎవరెట్ ప్రశ్నను ఇచ్చట వేసి చూడుడు. ఆ ఓర్పు గుణమా, ఉపాయమా? రామదాసు గుడిసెలో, రామానాయుడు గాని మరియే మంచి దొర గాని వినని వేళ, ఏమి మాటలాడెను? కూతురు జ్యోతితో ఏమి చెప్పెను? ఉన్నవవారి వేదాంతము రామదాసు నోట పలికినదా, రామదాసు వేదాంతమును ఉన్నవవారు విన్నారా? ఈ ప్రశ్నలు ‘మాలపల్లి’ని చిన్నబుచ్చునవి కావు. ఇట్టి ప్రశ్నలకు నిలువగల పాత్రలను సృష్టించుటయే ఉన్నవవారి విజయము. బలహీనమైన గ్రంథమునకు ప్రతికథనము పుట్టదు. అది గోడ లేనిచోట కిటికీ పెట్టబోవుట వంటిది.

జి. కళ్యాణరావు 2000లో ప్రకటించిన ‘అంటరాని వసంతము’ ఏ ఒక్క నవలకును ప్రతికథ కాదు. అది మన సాహిత్యచరిత్రకే ప్రతికథ. వృద్ధురాలైన రూతు జ్ఞాపకములో తరతరముల కథ కదలును. ఎల్లన్న ఆటయు పాటయు, సుభద్ర ఉనికియు, వారి తరువాతివారి ఆకలియు, మతాంతరమును, తిరుగుబాటును ఆ జ్ఞాపకములో ఒకటి వెంట ఒకటి వచ్చును. ఎల్లన్న కట్టిన పాటలు ఏ సాహిత్యచరిత్రలోను లేవు. ఎందుకు లేవని రూతు అడుగును. ‘గబ్బిలము’లో మాటలు శివుని చెవికి, ఆ వెనుక నున్న సవర్ణ పాఠకుని చెవికి ఉద్దేశింపబడినవి. రూతు మాటలు తనవారి చెవికి ఉద్దేశింపబడినవి. వినువారు మారుటతో కథలోని స్వరము మారినది: అర్జీ పోయి జ్ఞాపకము వచ్చినది. ప్రతికథనములో చెప్పువాడు మారుట ఎంత ముఖ్యమో, వినువాడు మారుట అంత ముఖ్యమని నా తలంపు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. బానిసత్వమును, అస్పృశ్యతను ఒకటే యని చెప్పుట తేలిక, కాని సరికాదు. జ్యోతిరావు ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ని బానిసత్వమును తొలగించిన అమెరికా సజ్జనులకు అంకితమిచ్చినాడు. అంబేద్కరు 1946లో నల్లజాతి పండితుడు డు బోయిస్‌కు లేఖ వ్రాసి రెండు జాతుల స్థితిలోని పోలికను ప్రస్తావించినాడు. పోలిక చూచినవారు పెద్దలే. కాని జిమ్‌కు ధర కలదు. ఎనిమిది వందల డాలర్లు. అతడు యజమాని వంటయింటిలోనికి పోగలడు, బిడ్డలను ఎత్తుకొనగలడు, అమ్ముడు పోగలడు. మన పల్లెవాడు చట్టప్రకారము అమ్ముడుపోడు; కాని బావి దగ్గరకు పోలేడు. బానిసత్వము మనిషిని సొత్తుగా దగ్గర ఉంచుకొన్నది. అస్పృశ్యత మనిషి శ్రమను దగ్గర ఉంచుకొని మనిషిని దూరముగా నెట్టినది. కావున అచ్చటి ప్రతికథనము ఇంటిలోపలి రహస్యములతో నడచును. మనది ఊరికిని పల్లెకును నడుమ నున్న ఆ దూరముతో నడవవలెను.

ఇప్పుడు అనువాదకునిగా నన్ను వేధించు సమస్యకు వచ్చుచున్నాను. ‘జేమ్స్’ను తెలుగు చేయవలెనన్న ఏ తెలుగు వాడవలెను? బానిసలు తమలో మాటలాడుకొను శుద్ధభాషకు పత్రికాభాషను, తెల్లవారి ముందు మాటలాడు విరుపుల భాషకు శ్రీకాకుళము యాసనో, తెలంగాణ పల్లె యాసనో వాడుట మొదట తోచు దారి. అది ప్రమాదకరమైన దారి. తెలివి కృష్ణా గుంటూరుల అచ్చుభాషలో మాటలాడునని, యాస అనునది తెలియనివాని వేషమని ఆ అనువాదము చెప్పకయే చెప్పును. రావిశాస్త్రి ఉత్తరాంధ్ర పలుకులోని తీక్షణమైన బుద్ధిని, తెలంగాణ రచయితలు తమ పలుకులోని నిండుతనమును చూపించిన తరువాత ఆ పొరపాటు క్షమింపరానిది. ఈ విమర్శ ఎవరెట్‌కును కొంత తగులును. శుద్ధమైన ఇంగ్లీషే తెలివికి సహజమైన ఇల్లని ఆయన నవల ఒప్పుకొన్నట్లు కొన్నిచోట్ల తోచును. తెల్లవాని వ్యాకరణమును తెల్లవానికంటె మేలుగా పలుకుట గెలుపే. కాని ఆ వ్యాకరణమే కొలబద్ద యగుట గెలుపు కాదు.

ఖరగ్‌పూర్ వంటి రైలు పట్టణములో నివసించువానికి ఈ సమస్య పుస్తకములలో మాత్రమే దొరకునది కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇచ్చట జంక్షనును, కార్ఖానాను కట్టిన నాటినుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి తెలుగువారు తరములుగా వచ్చి స్థిరపడినారు. ఇంటిలో తెలుగు, కార్ఖానాలో హిందీ, గోల్‌బజారులో బెంగాలీ, అధికారి బల్ల ముందు నాలుగు ముక్కల ఇంగ్లీషు: ఇది ఇచ్చటి సామాన్యుని నిత్యజీవితము. అధికారి ముందు తడబడుచు ‘యెస్ సార్’ అన్న మనిషి, సాయంకాలము టీ కొట్టు వద్ద ఆ అధికారి నడకను, మాటను అనుకరించి పదిమందిని నవ్వించుట ఎన్నిమారులో విన్నాను. వారి తడబాటులో కొంత నిజము, కొంత ఉపాయము. రెంటిని వేరుచేయుట అధికారికి సాధ్యము కాదు. అందుకే అది ఉపాయము. అర్జీల మర్యాద ప్రకారము తమను విధేయ సేవకులుగా చెప్పుకొను కార్మికులే 1927లో ఇచ్చటి కార్ఖానాలో సమ్మె కట్టినారు. వారి ఉద్యమమునకు అండగా నిలిచిన నాయకులలో తెలుగువాడైన వి. వి. గిరి ఒకరు. విధేయతను చదివినవారు సమ్మెను చదువలేకపోయిరి.

ఈ మనుష్యులను విన్నకొలది నాకు ఒక సంగతి స్పష్టమైనది. తెలుగులో వేషము ఉచ్చారణలో లేదు. సంబోధనలోను, సర్వనామములోను, క్రియాంతములోను ఉన్నది. ఇంగ్లీషులో న్యాయాధిపతికిని, బానిసకును ఒకే సర్వనామము. తెలుగు అనువాదకుడు జిమ్ పేరు వచ్చిన మొదటి వాక్యములోనే వాడు, అతడు, ఆయన, వారు అను నాలుగు మెట్లలో ఏదో ఒకదానిపై అతనిని నిలుపవలెను. స్త్రీ సంగతి మరింత తీవ్రము. జేమ్స్ భార్య సేడీ యజమాని నోట ‘అది’. గొడ్డునకును, గోడకును వాడు మాట. భర్త నోట ‘ఆమె’. ఇంగ్లీషులో ఎవరెట్ ఉచ్చారణను విరిచి సాధించిన దానిని తెలుగు ఒక్క సర్వనామముతో సాధింపగలదు. ‘బాంచన్ దొర, నీ కాల్మొక్త’ అను మాటలో యాస వేషము కాదు; వంగుటయే వేషము. అదే మనిషి అదే యాసలో తన ఇంటి అరుగుమీద తోటివానిని ‘ఏమే అన్నా, ఎట్లున్నవు’ అని పలుకరించునప్పుడు ఆ యాస నిటారుగా నిలబడును.

కనుక నా సూచన ఇది. జేమ్స్‌కు తెలుగులో ఒకే యాస ఉండవలెను. లోపలను, వెలుపలను అదే. మారవలసినది వంపు. యజమాని ముందు తనను తాను మూడవ మనిషిగా చెప్పుకొనుట, ప్రతి వాక్యమునకు చివర ‘తమ దయ’ తగిలించుట, ప్రశ్నను ప్రశ్నగా అడుగక సందేహముగా అడుగుట, తోటివానిని ‘ఆడు’ అని చెప్పుట ఒక వైపు. తమలో తాము ‘ఆయన’, ‘ఆమె’, ‘మీరు’ అనుకొనుట, వాక్యములను తుదముట్టించుట, వాదించుట, హాస్యమాడుట మరియొక వైపు. పల్లెలో ‘గాడు’ చేర్చి పిలువబడిన వానిని తనవారు నిండుపేరుతో పిలుచుకొను క్షణము తెలుగు పాఠకుని గుండెకు తాకినంతగా ఏ ఉచ్చారణ చమత్కారమును తాకదు.

ప్రతికథనములను విలువకట్టుటకు మూడు ప్రశ్నలు చాలునని తోచుచున్నది. మొదటిది: మూలము తెలియనివాడు చదివినను ఇది నిలుచునా? మూలమును తలచుకొని నవ్వుకొనుట తప్ప మరేమియు లేని రచన పేరడీ యగును. రెండవది: అణచబడినవానిని ఇది మనిషిగా చూపినదా, లేక పాత అమాయకుని స్థానమున క్రొత్త ఋషిని కూర్చుండబెట్టినదా? తప్పు చేయుటకు, భయపడుటకు, తనవారిపై విసుగుకొనుటకు హక్కు లేని నాయకుడు మరల బొమ్మయే. మూడవది: మూలగ్రంథమును దీని తరువాత మరల చదివినప్పుడు అది మనకు వేరుగా కనిపించునా? ‘జేమ్స్’ చదివిన పిదప ట్వేన్ నవలలో జిమ్ నోరు తెరచిన ప్రతిచోటను పాఠకుడు ఆగిపోవును. అమాయకముగా తోచిన మాట వెనుక ఎవరో మనలను గమనించుచున్నట్లు తోచును. ఆ నవలకు ఇంతకంటె పెద్ద మెప్పు నాకు తెలియదు.

‘మాలపల్లి’ వెలువడి నూరేండ్లు దాటినది. దానిని మన పిల్లలకు చదువుటకు ఇచ్చుచున్నాము, ఇవ్వవలెను గూడ. ఆ పాలేరుల పాకలో, చౌదరయ్య గాని, రామానాయుడు గాని, ఉన్నవవారు గాని లేని రాత్రి, సంగదాసు తండ్రితో ఏమి మాటలాడెనో వ్రాయగల రచయితకు జాషువ పద్యమును, రూతు జ్ఞాపకమును ముందే దారి చేసి పెట్టినవి. అట్టివాడు విదేశమువైపు చూడనక్కరలేదు. చూచిన తప్పును లేదు. అతడు కాగితము ముందు కూర్చుండి మొదటి వాక్యము వ్రాయబోవునప్పుడు, రామదాసు గుమ్మములోనికి ‘వచ్చినాడు’ అని వ్రాయవలెనా, ‘వచ్చినారు’ అని వ్రాయవలెనా యని ఒక క్షణము ఆగవలసి యుండును. నూరేండ్లుగా మనము ఆగకుండ వ్రాసిన చోటు అదియే.